గర్భాశయ క్యాన్సరు – ప్రోటీనుల సాక్ష్యము

శ్రీకూర్మము చుట్టుపట్ల పల్లెలలో అరుగుమీద కూర్చుండి, చుట్టను తిరగవేసి, నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని పొగ త్రాగు ముసలమ్మలు ఇప్పటికిని అక్కడక్కడ కనబడుదురు. దీనిని మనవారు అడ్డపొగ అందురు. సముద్రపుగాలికి చుట్ట ఆరిపోకుండుటకును, చేతులు రెండును పనిలో ఉన్నప్పుడు బూడిద రాలి మీద పడకుండుటకును ఈ అలవాటు పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ఆ నిప్పువేడికి, పొగకు అంగిలి మాడి, తెల్లబారి, కొందరిలో రాచపుండుగా మారును. కోస్తా ఆంధ్రములోని అంగిటి క్యాన్సరుకు ఈ అలవాటే మూలమని 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు ప్రకటించిరి. డెన్మార్కు దేశపు దంతవైద్య శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గు, బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన మెహతా మున్నగువారు శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించి, ఆ ఫలితములను 1971లో అచ్చువేసిరి. వారిలో నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారే!

క్యాన్సరును గూర్చిన ప్రపంచ సాహిత్యములో మన జిల్లా పేరు నిలిచినది ఆ పరిశోధన మూలముననే. అది సాధ్యపడుటకు కారణము చాల సామాన్యమైనది. నోరు తెరచినచో అంగిలి కంటికి కనబడును. చేతిదీపము, చిన్న అద్దము ఉన్న చాలును. కాని ఆ ముసలమ్మ శరీరములోనే, నోటిని కప్పినట్టి పొలుసు కణములతోనే కప్పబడిన మరియొక చోటు కలదు. అది గర్భాశయ ముఖద్వారము. అక్కడ పుట్టిన క్యాన్సరు తనంత తాను కంటబడదు. తొలినాళ్లలో నొప్పి ఉండదు. నెలసరి నిలిచిపోయిన కొన్ని యేండ్లకు మరల రక్తము కనబడినను, "వేడి చేసినది" అని ఇంటిలోనే సరిపెట్టుకొందురు. ఆసుపత్రి గడప ఎక్కునప్పటికి వ్యాధి ముదిరి ఉండును. 2022 సంవత్సరమునకు వేసిన అంతర్జాతీయ అంచనా ప్రకారము మన దేశములో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా వచ్చినది. దాదాపు 80,000 మంది దానితో మరణించిరి.

మన పూర్వవైద్యులు చికిత్సకు పూనుకొనుటకు ముందు సాధ్యాసాధ్య విచారము చేసెడివారు. ఈ రోగము సాధ్యమా, కష్టసాధ్యమా, అసాధ్యమా అని తేల్చుకొనెడివారు. నేటి వైద్యుడు అడుగు ప్రశ్నలును అవియే. వ్యాధి ఎంత దూరము వ్యాపించినది? మందు పనిచేసినదా? పనిచేసినచో ఎప్పుడు ఆపవచ్చును? తిరుగబెట్టునా? శరీరము లోపల దాగిన వ్యాధి విషయములో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల సాక్షి ఎవరు? రక్తములోను, మూత్రములోను కొట్టుకొనివచ్చు మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, ఆ సాక్ష్యము పలుకగలవని ఇరువదవ శతాబ్దములో తెలిసినది. ఆ కథ గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో మొదలు కాలేదు. అదే గర్భాశయములో అరుదుగా పుట్టు మరియొక భయంకరమైన క్యాన్సరుతో మొదలైనది. దానికి వాడిన మందు వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నది. కనుక ముందుగా ఆ కథ చెప్పుకొని, తరువాత మన ప్రశ్నకు వత్తము.

చిట్టెలుకలు చెప్పిన జవాబు

1927–28 సంవత్సరములలో బెర్లిను నగరమున ఆష్‌హైము, జోండెకు అను ఇరువురు వైద్యులు ఒక వింత పరీక్షను కనిపెట్టిరి. గర్భిణి మూత్రమును ఈడురాని ఆడ చిట్టెలుకలకు కొద్దికొద్దిగా సూదితో ఎక్కించి, అయిదవనాడు వాని అండాశయములను పరీక్షించిరి. అవి ఉబ్బి, ఎఱ్ఱని చుక్కలతో ఉండెను. గర్భిణులు కాని స్త్రీల మూత్రమునకు అట్టి ఫలితము రాలేదు. గర్భిణి శరీరములో ఏదో ఒక హార్మోను పుట్టి మూత్రములో వెలువడుచున్నదన్నమాట. అది మాయను నిర్మించు కణములనుండి పుట్టు ప్రోటీనని తరువాత తేలినది. దాని పేరు మానవ కోరియోనిక్ గొనడోట్రోపిన్, పొట్టిగా హెచ్‌.సి.జి. అందురు. నేడు మందులషాపులలో దొరకు గర్భనిర్ధారణ పట్టీ వెదకునది ఈ ప్రోటీనునే.

శిశువు లేకయే ఈ హార్మోను విపరీతముగా పుట్టు సందర్భము ఒకటి కలదు. ఫలదీకరణములో లోపము జరిగినప్పుడు ఒక్కొక్కసారి గర్భములో పిండము పెరుగదు. మాయ మాత్రము ద్రాక్షగుత్తుల వలె, నీటిబుడగల వలె పెరిగిపోవును. దీనికి మన భాషలో ముత్యాల గర్భము అను పేరు ఉన్నది. ఇంతటి విపత్తుకు అంత అందమైన పేరు ఎవరు పెట్టిరో! ఈ ముత్యాల గర్భము తొలగించిన పిదప కొందరిలో మిగిలిన కణములు క్యాన్సరుగా మారును. మామూలు కాన్పు తరువాతను, గర్భస్రావము తరువాతను కూడ అరుదుగా ఇది రావచ్చును. దాని పేరు కోరియో కార్సినోమా. మాయ కణములకు గర్భాశయపు గోడను తొలుచుకొని పోవుట పుట్టుకతో వచ్చిన గుణము. క్యాన్సరుగా మారిన తరువాత అవి రక్తనాళములలో దూరి, ఊపిరితిత్తులకు, మెదడుకు ప్రాకును. 1950 ప్రాంతము వరకు, ఇట్లు ప్రాకిన వ్యాధి పట్టినవారిలో ఇంచుమించు అందరును ఏడాది తిరుగకుండ మరణించెడివారు. వీరందరును బిడ్డలను కనే వయస్సులోని పడుచువారని మరువరాదు.

ఈ స్త్రీల మూత్రములో హెచ్‌.సి.జి. మామూలు గర్భిణులలోకంటె చాల హెచ్చుగా ఉండుట జోండెకు ఆ రోజులలోనే గమనించెను. కాని గమనించి చేయగలిగినది ఏమి? మందు లేదు.

భీమవరము నుండి బోస్టను వరకు

1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన విద్యార్థులు వినియే ఉందురు. ఆయన సోదరులు ఇరువురు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితో చిన్న వయస్సులోనే పోయిరి. మద్రాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, 1922లో ఆయన బోస్టను చేరిరి. 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన వెలువరించిన మొదటి పెద్ద పని ఒక కొలత. రక్తములోను, మూత్రములోను ఉండు భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతి అది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుతో ఎన్నో యేండ్లు జీవరసాయన ప్రయోగశాలలలో విద్యార్థులు దానిని చేసిరి. కంటికి కనబడనిదానిని మూత్రములో అంకెగా పట్టుకొనుట ఆయనకు కొత్తకాదని చెప్పుటకే దీనిని ఇక్కడ ప్రస్తావించితిని.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు మారిరి. ఆ కాలములో శాస్త్రజ్ఞులను వేధించుచున్న పదార్థము ఫోలిక్ ఆమ్లము. దాని చరిత్ర మన దేశములోనే మొదలైనదని చెప్పవచ్చును. బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చు ఒక విధమైన రక్తహీనతను 1928 మొదలు లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు పరిశోధించి, ఈస్టుతో చేసిన ఒక ఆహారపదార్థము దానిని నయము చేయునని చూపెను. 1941లో అమెరికాలో పాలకూరనుండి ఆ పోషకమును వేరుచేసి, ఆకును తెలుపు లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లము అని పేరు పెట్టిరి. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. కణము విభజన చెందవలెనన్నచో కొత్త డి.ఎన్‌.ఏ. కావలెను, డి.ఎన్‌.ఏ. తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను.

తయారుచేయు మార్గము తెలిసినవారికి దానిని కొద్దిగా మార్చుట కష్టము కాదు. తాళములో దూరియు తిరుగని తాళపుచెవి వంటి పదార్థములను ఆ బృందమే తయారుచేసెను. కణము వానిని ఫోలిక్ ఆమ్లమనుకొని పట్టుకొనును, పని జరుగదు, విభజన ఆగిపోవును. ఎమినాప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్ ఇట్లు వచ్చినవే. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు ఎమినాప్టెరిన్‌ను రక్తక్యాన్సరు పట్టిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గెనని 1948 జూనులో ప్రకటించెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు తమ 53వ యేట హఠాత్తుగా మరణించిరి. ఆ మందు మున్ముందు గర్భాశయములో చేయబోవు పనిని ఆయన చూడలేదు.

అంకె సున్న కావలెను

అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థలలో రాయ్ హెర్ట్సు అను శాస్త్రజ్ఞుడు ఉండెను. స్త్రీ హార్మోనుల ప్రభావమున పెరుగు జననాంగ కణజాలమునకు ఫోలిక్ ఆమ్లము తప్పనిసరియని ఆయన జంతువులపై ముందే చూపి ఉండెను. 1955లో ఆయన వద్దకు చైనానుండి వలసవచ్చిన మిన్ చియు లీ అను యువవైద్యుడు చేరెను. అంతకుముందు లీ న్యూయార్కు ఆసుపత్రిలో ఒక చర్మక్యాన్సరు రోగికి మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు ఆ రోగి మూత్రములోని హెచ్‌.సి.జి. పడిపోవుట గమనించెను. ఆ రోగి బ్రతుకలేదు. ఆ గమనిక మాత్రము లీ మనస్సులో నిలిచినది. హెచ్‌.సి.జి.ని తగ్గించు మందు హెచ్‌.సి.జి.ని పుట్టించు క్యాన్సరును చంపదా?

లీ, హెర్ట్సు ఈ మందును కోరియో కార్సినోమా ఊపిరితిత్తులకు ప్రాకిన స్త్రీలకు ఇచ్చిరి. కొన్ని వారములలో ఎక్స్‌రే చిత్రములో గడ్డల నీడలు కరగిపోయినవి. 1956లో వారు తొలి ఫలితములను ప్రకటించిరి. గడ్డకట్టిన క్యాన్సరు, అదియు శరీరమంతట ప్రాకినది, కేవలము మందుతో మాయమగుట అంతవరకు ఎవరును చూచినది కాదు.

అసలు సమస్య ఇక్కడ పుట్టినది. నీడలు పోయినవి, రోగి లేచి తిరుగుచున్నది, అందరి లెక్కలోను ఆమె బాగుపడినది. కాని లీ మూత్రమును పరీక్షింపజేయుట మానలేదు. హెచ్‌.సి.జి. చాల తగ్గినది గాని సున్న కాలేదు. అందుచేత లీ మందు ఆపలేదు. మెథోట్రెక్సేట్ సామాన్యమైన మందు కాదు. నోరు పుండ్లుపడును, రక్తకణములు తగ్గును, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కనబడని వ్యాధికి, ఒక అంకెకు, ఇంతటి విషమును ఇచ్చుటయా అని పై అధికారులు ఆగ్రహించిరి. 1957లో లీ ఆ సంస్థను విడిచిపోవలసివచ్చెను.

తరువాత జరిగినదే ఈ చరిత్రకు ఆయువుపట్టు. కంటికి కనబడు వ్యాధి పోగానే మందు ఆపిన స్త్రీలకు వ్యాధి తిరుగబెట్టినది. సున్న వచ్చువరకు మందు పొందిన స్త్రీలలో తిరుగబెట్టలేదు. 1961లో హెర్ట్సు బృందము అయిదేండ్ల అనుభవమును ప్రకటించినప్పుడు 63 మంది స్త్రీలలో దాదాపు సగము మందికి వ్యాధి పూర్తిగా పోయి ఉండెను. 1972లో లీ, హెర్ట్సు ఇద్దరికిని లాస్కరు బహుమానము లభించినది. అప్పటికి పదునైదేండ్లు గడచినవి.

సున్నకు అంత విలువ ఏల? చిన్న లెక్క వేసి చూడుడు. ఒక ఘన సెంటీమీటరు క్యాన్సరు గడ్డలో సుమారు 100 కోట్ల కణములు ఉండును. మందు వానిలో నూటికి 99 వంతులను చంపినదనుకొనుడు. గడ్డ ఎక్స్‌రేలో కనబడదు. కాని ఇంకను ఒక కోటి కణములు బ్రతికియే ఉన్నవి. మరల 99 వంతులు చచ్చిన లక్ష మిగులును. కన్ను మొదటి మెట్టుమీదనే ఆగిపోవును. ఒక్కొక్క కణమును హెచ్‌.సి.జి.ని వదలుచుండుటచేత ప్రోటీను మాత్రము ఆ తరువాతి మెట్లనుండి కూడ కబురు పంపగలదు. తరగతిలో ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపినప్పుడు విద్యార్థులు ఘాతాంకములను మరచిపోరని నా అనుభవము.

చిట్టెలుకల పరీక్ష ఈ పనికి మొరటుది. 1960 ప్రాంతమున యాలో, బెర్సను రేడియోధార్మిక పదార్థముతోను, ప్రతిరక్షకములతోను ప్రోటీనులను అతిసూక్ష్మముగా కొలుచు పద్ధతిని రూపొందించిరి. అయినను ఒక చిక్కు మిగిలినది. హెచ్‌.సి.జి. రెండు గొలుసుల ప్రోటీను. అందులో ఆల్ఫా గొలుసు ప్రతి స్త్రీ మెదడు క్రింది పీయూష గ్రంథినుండి వచ్చు మరి మూడు హార్మోనులలోను ఉన్నది. హెచ్‌.సి.జి. కొద్దిగా ఉన్నప్పుడు అది ఆ హార్మోనా, ఇదా అని తేల్చుకొనలేక వైద్యులు తబ్బిబ్బు పడిరి. 1972లో వైటుకైటిసు, బ్రౌన్‌స్టైను, రాసు అను వారు బీటా గొలుసును మాత్రమే ప్రధానముగా గుర్తించు ప్రతిరక్షకమును వాడి ఆ చిక్కు విప్పిరి. సున్న అనగా నిజముగా సున్నయే అని చెప్పగల శక్తి అప్పుడు వచ్చినది.

1976లో లండనులో బాగ్‌షా అను వైద్యుడు ఈ అంకెను మరియొక పనికి వాడెను. చికిత్సకు ముందే రోగి భవిష్యత్తును లెక్కగట్టుట! వయస్సు, ఇదివరకటి గర్భము ఎట్టిది, అది ముగిసి ఎన్ని నెలలైనది, గడ్డ పరిమాణము, ఏయే అవయవములకు ప్రాకినది, వీనితోపాటు హెచ్‌.సి.జి. అంకెకును మార్కులు వేసెను. ఆ పట్టికయే మార్పులు చెంది 2000 సంవత్సరములో అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య పట్టికగా స్థిరపడినది. హెచ్‌.సి.జి. వెయ్యి యూనిట్లలోపు ఉన్న మార్కు లేదు. లక్ష దాటిన 4 మార్కులు. మొత్తము 6 వరకు వచ్చినచో సాధారణముగా ఒకే మందుతో చికిత్స. 7 గాని, అంతకు మించి గాని వచ్చినచో మొదటనే పలు మందులు. తక్కువ మార్కులు వచ్చినవారిలో నేడు ఇంచుమించు అందరును బ్రతుకుచున్నారు. వారిలో చాలమంది గర్భాశయము తీయించుకొనకుండనే బాగుపడి, తరువాత బిడ్డలను కూడ కనుచున్నారు.

ముఖద్వారము సంగతి

ఇంత చక్కని సాక్షి ఒక అరుదైన క్యాన్సరుకు దొరకినప్పుడు, లక్షలమందిని బాధించు గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ఏల దొరకరాదు? శాస్త్రజ్ఞులు వెదకకపోలేదు. 1977లో జపానులో కాటో, టోరిగో అను వారు ముఖద్వారపు గడ్డనుండి ఒక ప్రోటీనును వేరుచేసి, దానికి ప్రతిరక్షకము తయారుచేసి, రక్తములో కొలిచిరి. చికిత్స తరువాత అది తగ్గుటయు, వ్యాధి తిరుగబెట్టినప్పుడు పెరుగుటయు చూపిరి. పొలుసుకణ క్యాన్సరు ప్రతిజనకము అని దానికి పేరు, ఎస్‌.సి.సి. అని వాడుక. ముదిరిన వ్యాధిలో ఇది హెచ్చుగా ఉండును. చికిత్సకు ముందు చాల హెచ్చుగా ఉన్నవారికి వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము ఎక్కువ. చికిత్స ముగిసిన తరువాత ఈ అంకె మెల్లగా పైకి ప్రాకినచో, గడ్డ బయటపడుటకు కొన్ని నెలల ముందే హెచ్చరిక అందును.

కాని ఇది హెచ్‌.సి.జి. వంటి సాక్షి కాదు. మాయ లేనిచోట హెచ్‌.సి.జి. ఉండవలసిన పని లేదు. పొలుసు కణములు మాత్రము మన చర్మమంతటను, నోటిలోను ఉన్నవి. అందుచేత సోరియాసిస్ వంటి చర్మవ్యాధులలోను, మూత్రపిండములు చెడినప్పుడును ఎస్‌.సి.సి. పెరుగును. రక్తనమూనాలో పరీక్షచేయువాని ఉమ్మితుంపర పడినను అంకె తప్పిపోవును! వ్యాధి తొలిదశలో ఉన్న స్త్రీలలో చాలమందికి అది మామూలుగానే ఉండును. కనుక వ్యాధిని తొలుత కనిపెట్టుటకు దీనిని నమ్మరాదు.

అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి కలదని నా అభిప్రాయము. ముందుగా తెలియుట వేరు, ముందుగా తెలిసినందువలన ప్రాణము నిలుచుట వేరు. లీ చేతిలో అంకెతోపాటు మందు ఉండెను. హెచ్‌.సి.జి. సున్న కానప్పుడు ఆయన చేయవలసిన పని స్పష్టము. ముఖద్వార క్యాన్సరు తిరుగబెట్టుచున్నదని ఎస్‌.సి.సి. మూడు నెలల ముందు చెప్పినను, అప్పుడు వైద్యుని చేతిలో ఏమున్నది? చిరకాలము పెద్దగా ఏమియు లేకపోయెను. జోండెకు 1930 ప్రాంతమున నిలిచిన చోటనే ఈ విషయములో మనము చాలకాలము నిలిచియుంటిమి.

మార్పు వేరొక దారినుండి వచ్చినది. 1983లో జర్మనీలో హెరాల్డు సుర్ హౌజెను బృందము ముఖద్వార క్యాన్సరు కణములలో పాపిల్లోమా జాతి వైరసు 16వ రకమును, మరుసటి ఏడు 18వ రకమును కనుగొనెను. దీనికి ఆయన 2008లో నోబెలు బహుమానము పొందెను. ఈ వైరసు తయారుచేయు రెండు ప్రోటీనులు కణమునకున్న ఇద్దరు కాపలాదారులను దెబ్బతీయును. ఇ6 అనునది పి53 అను కాపలాదారును నాశనము చేయించును. ఇ7 అనునది ఆర్‌బి అను కాపలాదారును కట్టివేయును. 1989–90 నాటికి ఇది రూఢియైనది. ఆర్‌బి కట్టుబడగానే కణము హడలిపోయి, విభజనను ఆపుటకు పి16 అను మరియొక ప్రోటీనును కుప్పలుగా తయారుచేయును. అది ఆపవలసినది ఆర్‌బి ద్వారానే గనుక, ఆర్‌బి లేనిచోట ఆ కుప్ప అంతయు వృథా. దొంగలు చొరబడిన ఇంటిలో కుక్క మొరుగుచునే ఉన్నది, తలుపు మాత్రము తెరచియే ఉన్నది. ఆ మొరుగుడు మనకు వినబడును! ముఖద్వారమునుండి తీసిన చిన్న ముక్కకు పి16 ప్రతిరక్షకము పూసి రంగు వేసినచో, వైరసు చేతిలో చిక్కిన కణములు గోధుమరంగులో తేలును. దీనికి తోడు కి–67 అను మరియొక ప్రోటీను విభజన చెందుచున్న కణములలో మాత్రమే కనబడును. కీల్ నగరములో 67వ గుంటలో దొరకిన ప్రతిరక్షకము కావున 1983లో దానికి ఆ పేరు వచ్చినది. పి16, కి–67 రెండును ఒకే కణములో కనబడుట చెడుగుర్తు. ఆ స్త్రీని వెంటనే క్షుణ్ణముగా పరీక్షింపవలెను.

భవిష్యత్తును చెప్పుటలో పి16 పాత్ర కొంత విచిత్రముగా తోచును. అది ఉన్నదనిన వైరసు వలన పుట్టిన క్యాన్సరని అర్థము; అట్టి క్యాన్సరు, వైరసు లేకుండ పుట్టిన దానికంటె సాధారణముగా చికిత్సకు మెరుగుగా లొంగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 వర్గీకరణలో ముఖద్వార క్యాన్సరులను ఈ రెండు తెగలుగా విడదీసినది. ఇక మందు విషయమునకు వచ్చినచో, 1999నుండి వికిరణ చికిత్సతోపాటు సిస్‌ప్లాటిన్ ఇచ్చుట వాడుకలోనికి వచ్చినది. 2018లో అమెరికాలో, తిరుగబెట్టిన ముఖద్వార క్యాన్సరుకు పెంబ్రోలిజుమాబ్ అను మందు అనుమతి పొందినది. అయితే గడ్డలో పి.డి.–ఎల్‌1 అను ప్రోటీను ఉన్న స్త్రీలకు మాత్రమే. ప్రోటీనును చూచి మందును నిర్ణయించుట ఈ వ్యాధిలో ఇట్లు ఆరంభమైనది. ఆ మందు ధర సామాన్యకుటుంబమునకు అందునది కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

నిజము చెప్పవలెనన్నచో, గార, శ్రీకూర్మము ప్రాంతపు స్త్రీ విషయములో భవిష్యత్తును నిర్ణయించు మొదటి అంశము ఇప్పటికిని ప్రోటీను కాదు. ఆమె ఏ దశలో ఆసుపత్రికి వచ్చినది అనునదే. ముఖద్వారములోనే ఉండగా పట్టుబడిన వ్యాధి చాలవరకు నయమగును. కటిభాగపు గోడలకు, మూత్రకోశమునకు ప్రాకిన తరువాత ఏ అంకె చూచినను లాభము కొద్ది. ప్రయోగశాలలోని సూచికలను గూర్చి గొప్పగా వ్రాయువారు ఈ మాటను తరచుగా విడిచిపెట్టుదురు.

అయితే ప్రయోగశాల అక్కరలేని ప్రోటీను సాక్ష్యము కూడ ఒకటి ఉన్నది. ముఖద్వారమును పెద్దదిగా చేసి చూచు కాల్పోస్కోపును హాంబర్గులో హిన్సెల్‌మను 1925లో నిర్మించెను. పలుచని ఎసిటిక్ ఆమ్లమును పూసి చూచుట తరువాత ఆయన దారిలోనే వచ్చినది. ఎసిటిక్ ఆమ్లమనగా వంటింటి వెనిగరులోని పులుపే. మారుచున్న కణములలో కేంద్రకములు పెద్దవి, వానిలో ప్రోటీను దట్టము. ఆమ్లము తగులగానే, నిమ్మరసము పడిన పాలవలె, ఆ ప్రోటీను కొంతసేపు గడ్డకట్టును. వెలుతురు లోనికి పోలేక తిరిగివచ్చును. ఆ చోటు తెల్లగా కనబడును. ఆరోగ్యకరమైన కణములలో అంత ప్రోటీను లేదు గనుక అవి గులాబీరంగులోనే ఉండును. అడ్డపొగ త్రాగువారి అంగిటిలో తెల్లమచ్చను చూచినట్లే, ఇక్కడను తెల్లమచ్చను కంటితో చూడవచ్చును.

బొంబాయి మురికివాడలలో పదవతరగతి వరకు చదివిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఈ పరీక్షను వాడలవారీగా దాదాపు 75,000 మంది స్త్రీలున్న వాడలలో జరిపి, పరీక్ష లేని వాడలతో పోల్చిన అధ్యయనపు ఫలితములు 2014లో వెలువడినవి. పరీక్ష జరిగిన వాడలలో పండ్రెండేండ్లలో ముఖద్వార క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గినవి. మందు ఖర్చు లేదు, చిట్టెలుకలు లేవు, రేడియోధార్మిక పదార్థము లేదు. 2016లో మన దేశ ఆరోగ్యశాఖ వెలువరించిన మార్గదర్శకములలో 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఈ పరీక్షను చేర్చిరి. ఆ వయస్సులో నోటిని కూడ పరీక్షింపవలెనని అందులోనే ఉన్నది. అడ్డపొగ ఉన్న మన జిల్లాకు ఇది రెండు విధముల ఉపయోగము, ఏలయనగా పొగాకు ముఖద్వార క్యాన్సరుకు కూడ తోడ్పడును.

పరీక్ష జరుగు తీరు ఇది. నూటికి 3 నుండి 5 వంతుల ఎసిటిక్ ఆమ్లములో దూదిని ముంచి ముఖద్వారమునకు పూసి, ఒక నిమిషము ఆగి, మంచి వెలుతురులో చూచెదరు. గీతగీసినట్టు అంచు కట్టిన తెల్లమచ్చ కనబడిన స్త్రీని కాల్పోస్కోపు ఉన్న ఆసుపత్రికి పంపుదురు. ఏమియు తెల్లబారనిచో అయిదేండ్ల తరువాత మరల రమ్మని చెప్పి ఇంటికి పంపుదురు.